కథకూ లింకు డాక్యుమెంట్లు ఉంటాయి: పాత్ర ఎవరిదో తేల్చుకునే పద్ధతి

రెండొందల గజాల ప్లాటు కొనాలంటే మనవాళ్లు చేసే హడావుడి అంతా ఇంతా కాదు. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, జిరాక్సులు అడుగుతారు, తెలిసిన లాయరుకు చూపిస్తారు, అమ్మేవాడి అక్కచెల్లెళ్లు కూడా సంతకం పెడుతున్నారా అని ఆరా తీస్తారు. అదే మనిషి ఒక కథ పట్టుకుని సినిమా తీయాలనుకుంటే మాత్రం "రచయిత మనకు బాగా తెలిసినాయనే, ఫోన్లో సరేనన్నాడు" అంటాడు. రచయితలం మేమూ తక్కువేం కాదు. చేతిలో చెక్కు పడితే చాలు, కింద ఏం రాసుందో చదవం.

పోయినేడాది ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాడు. "అన్నా, బుడుగుతో ఒక యానిమేషన్ సిరీస్ చేద్దామనుకుంటున్నా. ఎవరినడగాలి?" అడగాలని తోచింది, అదే గొప్ప. ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను లాయర్ని కాను, కథలు రాసుకునేవాణ్ని. డబ్బు పెట్టేముందు లాయరుకు చూపించండి. కానీ లాయరు దగ్గరికి వెళ్లేలోపు సగం పని మనమే చేసుకోవచ్చు.

మొదటి అడుగు: మీకు కావలసింది ఏమిటో విడగొట్టండి

"బుడుగు హక్కులు" అని ఒక్క వస్తువేమీ లేదు. మాటలు ముళ్లపూడి వెంకటరమణవి. బొమ్మ బాపుది. మన కాపీరైట్ చట్టం (1957) దృష్టిలో మాటలు సాహిత్య రచన, బొమ్మ కళారచన. ఎవరి పని ఎంతవరకో విడిగా కనిపిస్తోంది కాబట్టి ఇవి రెండు వేర్వేరు రచనలు. వేరే ఒప్పందం ఉంటే తప్ప హక్కుదారులూ వేర్వేరే. బుడుగు మాట్లాడే తీరు, రెండుజెళ్ల సీత, సీగానపెసూనాంబ కావాలంటే రమణ వైపు హక్కుదారులను అడగాలి. ఆ బొమ్మ కావాలంటే బాపు వైపు వాళ్లనూ అడగాలి. యానిమేషన్‌కు రెండూ కావాలి. ఒకరి సంతకంతో పని నడవదు.

సినిమా విషయంలో ముక్కలు ఇంకా ఎక్కువ: కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, పాటల సాహిత్యం, సంగీతం, సౌండ్ రికార్డింగ్, చివరికి సినిమా. సినిమాకు 'రచయిత' అంటే చట్టం ప్రకారం నిర్మాతే, దర్శకుడు కాదు. ఈ సంగతి చెబితే దర్శకులు నొచ్చుకుంటారు. చట్టంలో అలా ఉంది మరి.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మీ ప్రాజెక్టులో వాడబోయే ప్రతి ముక్కనూ రాసుకోండి. ఎదురుగా ఎవరు చేశారో రాయండి. మూడో గడి, అంటే ఇప్పుడు హక్కు ఎవరిదన్నది, ఖాళీగా వదలండి, అది తర్వాతి అడుగుల్లో నిండుతుంది.

రెండో అడుగు: గడువు లెక్క వేయండి

మన దేశంలో సాహిత్యం, సంగీతం, కళ మీద కాపీరైట్ రచయిత బతికినంతకాలం ఉంటుంది, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ 60ని చనిపోయిన రోజు నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కేస్తారు. అంటే ఎప్పుడైనా డిసెంబరు 31తోనే తీరుతుంది.

గురజాడ అప్పారావు పోయింది 1915లో. గిరీశం ఎప్పుడో ఊరందరివాడైపోయాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు. ఆయన నవలలోని గణపతి 2006తో అందరి చేతికీ వచ్చాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో పోయారు కాబట్టి బారిస్టర్ పార్వతీశానికి 2033 చివరిదాకా యజమానులున్నారు. "అంత పాత పుస్తకం, ఇంకా కాపీరైట్ ఏమిటి" అనుకుని కాలు జారేది ఇక్కడే. పుస్తకం ఎప్పుడొచ్చిందన్నది కాదు, రాసిన మనిషి ఎప్పుడు పోయారన్నదే లెక్క. ఇక మన బుడుగు: రమణ 2011లో పోయారు, బాపు 2014లో పోయారు. మాటలకు 2071 దాకా, బొమ్మకు 2074 దాకా గడువుంది.

సినిమాకు లెక్క వేరు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 'మాయాబజార్' 1957లో వచ్చింది, సినిమాగా దాని గడువు 2017తో తీరింది. ఇక ఎడాపెడా వాడేయొచ్చని ఎగిరి గంతేయకండి. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. ఆ సాహిత్యం గడువు 2031 దాకా ఉంది. ఆనాటి పద్ధతిలో ఆ హక్కు నిర్మాత చేతికి వెళ్లిపోయి ఉండొచ్చు. అయినా గడువు కొలిచేది మాత్రం రచయిత ఆయుష్షుతోనే. ఘటోత్కచుడు వ్యాసుడి దగ్గర నుంచి వచ్చినవాడు, ఎవరైనా రాసుకోవచ్చు. కానీ ఆ సినిమాలో ఘటోత్కచుడు పలికిన డైలాగు పింగళిది. 'తసమదీయులు' అన్న ఒక్క మాట అంటే ఎవరూ కేసు పెట్టరు. సీను సీనంతా ఎత్తుకొస్తే పెడతారు.

గడువు తీరిన పుస్తకం తీసుకున్నా మూల పాఠమే వాడండి. నిన్నగాక మొన్న వేసిన ముద్రణలోని పీఠిక, ఫుట్‌నోట్లు, కవర్ బొమ్మ మళ్లీ కొత్తవాళ్లవి. అనువాదమైతే అనువాదకుడికి విడిగా హక్కు, విడిగా గడువు.

విదేశీ పాత్రల సంగతి అడిగేవాళ్లు చాలామంది, ముఖ్యంగా డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల నాటకాలు వేయించే మనవాళ్లు. అమెరికాలో పాత రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1928లో వచ్చిన తొలి మిక్కీ మౌస్ కార్టూన్ 2024 జనవరి 1న అక్కడ పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా వాడుకోగల కోవలోకి, వచ్చింది. వచ్చింది ఆ నలుపు తెలుపు మిక్కీయే, తర్వాత మార్చుకుంటూ వచ్చిన రూపాలు కాదు. పైగా ట్రేడ్‌మార్క్ (సరుకును గుర్తుపట్టించే పేరు, గుర్తుల మీద హక్కు) అలాగే ఉంది. ఏ దేశంలో వాడుతున్నారో ఆ దేశం లెక్క చూసుకోవాలి.

మూడో అడుగు: అది పాత్రా, ఉత్త పేరా?

మన చట్టంలో 'పాత్ర' అనే మాటకు విడిగా కాపీరైట్ ఇవ్వలేదు. కథలో భాగంగానో, బొమ్మలో భాగంగానో దానికి రక్షణ దొరుకుతుంది. ఎంత రక్షణ అన్నది ఆ పాత్రను ఎంత చెక్కారన్నదాన్ని బట్టి ఉంటుంది. "కోపిష్టి పోలీసు ఇన్స్పెక్టర్" ఎవరి సొత్తూ కాదు. ఆ ఇన్స్పెక్టర్ కళ్లజోడు కాలరుకు వెనకవైపు తగిలించుకుని, ఒక రకంగా నడిచి, ఒక రకంగా లంచం తీసుకుని, ఒక రకంగా సవతి తండ్రితో గొడవపడితే అప్పుడు కథ మారుతుంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. మన 'గబ్బర్ సింగ్' (2012) హిందీ 'దబంగ్'కు హక్కులు కొని తీసిన రీమేక్. 2016లో 'సర్దార్ గబ్బర్ సింగ్' వస్తున్నప్పుడు దబంగ్ నిర్మాతలు బాంబే హైకోర్టుకెళ్లారు: ఒక్క రీమేక్‌కే ఇచ్చాం, మా హీరో పాత్ర చుల్‌బుల్ పాండేను మళ్లీ వాడుతున్నారు అని. ఆలస్యంగా వచ్చారంటూ కోర్టు సినిమాను ఆపలేదు. కానీ విశిష్టంగా మలిచిన పాత్రకు రక్షణ ఉండగలదన్న మాటను ఒప్పుకుంది. ఈ తీర్పులో మనకు రెండు పాఠాలు. రీమేక్ హక్కు కొంటే ఆ పాత్రతో సీక్వెల్ తీసే హక్కు దానంతటదే రాదు. కోర్టుకెళ్లాలంటే ఫస్ట్ లుక్ పోస్టర్ రాగానే వెళ్లాలి, రిలీజ్ ముందు కాదు.

ఆ గబ్బర్ అనే పేరు 'షోలే' నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. ఆ పాత్రలను, కథను అనుమతి లేకుండా వాడుకున్నందుకు 'రామ్ గోపాల్ వర్మ కీ ఆగ్' తీసినవాళ్లకు 2015లో ఢిల్లీ హైకోర్టు పది లక్షల రూపాయలు వేసింది. కామిక్స్‌లో ఇంకా తేలిక, బొమ్మ కళ్లెదురుగా ఉంటుంది కదా. నాగరాజ్ అనే పాముల హీరోకు పోటీగా నాగేశ్ అనే ఇంకో పాముల హీరో వస్తే 1997లో ఢిల్లీ హైకోర్టు రెండోవాణ్ని ఆపేసింది.

ఆలోచన మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో ఇది తేల్చేసింది. వేరు వేరు ప్రాంతాలకు చెందిన ప్రేమజంట, పెద్దల పట్టుదల అన్న ఇతివృత్తం నాటకంలోనూ సినిమాలోనూ ఒకటే అయినా కాపీ కాదంది. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి "ఇది అదే" అనిపించాలి. పేర్లకూ, టైటిళ్లకూ కాపీరైట్ లేదని కూడా 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరును కాపాడుకోవాలంటే అది ట్రేడ్‌మార్క్ పని. దాని సంగతి చివర్లో.

నాలుగో అడుగు: పుట్టినప్పుడు ఎవరి పేరిట పుట్టింది?

మామూలుగా రాసినవాడే మొదటి యజమాని. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, గొడవలన్నీ వాటి దగ్గరే.

నెల జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమాని కంపెనీయే. పత్రికలో జీతానికి పనిచేసే కార్టూనిస్టు, సబ్ ఎడిటర్ పత్రిక కోసం చేసినదైతే పత్రికలో వేసుకునే మేరకు హక్కు పత్రికది, మిగతాది చేసినవాడిది. బయటి నుంచి కథ పంపిన రచయితకు ఇది వర్తించదు. పత్రిక పారితోషికం పంపినంత మాత్రాన కథ అమ్మినట్టు కాదు, ఒకసారి వేసుకోనిచ్చినట్టు. ఎవరైనా "మా పత్రికలో వచ్చింది కాబట్టి మాదే" అంటే, కాగితం చూపించమనండి.

మలయాళంలో టామ్స్ అనే కార్టూనిస్టు బోబన్, మోళి అనే ఇద్దరు పిల్లల బొమ్మలు గీసేవాడు. మలయాళ మనోరమలో దశాబ్దాలు వచ్చాయి. ఆయన ఉద్యోగం మానేసి వేరేచోట గీస్తుంటే మనోరమ అడ్డుపడింది. కేరళ హైకోర్టు ఒకే ప్రశ్న అడిగింది: ఈ పిల్లలు ఎప్పుడు పుట్టారు? ఉద్యోగంలో చేరకముందే పుట్టారని తేలింది. ఉద్యోగంలో ఉండగా గీసిన కార్టూన్లు పత్రికవి కావచ్చు గానీ, ఆ పిల్లల్ని ఇకముందు గీయకుండా టామ్స్‌ను ఆపలేరని చెప్పింది. మీరు ఏదైనా సంస్థలో చేరబోతూ, అప్పటికే ఒక పాత్ర మీ నోట్‌బుక్కులో ఉంటే, చేరే రోజునే ఆ సంగతి మెయిల్ పెట్టండి.

"డబ్బులిచ్చి రాయించుకున్నాను, కాబట్టి నాది" అని నిర్మాతలు గట్టిగా నమ్ముతారు. సత్యజిత్ రాయ్ రాసిన 'నాయక్' స్క్రీన్‌ప్లేను ఒక ప్రచురణ సంస్థ నవలగా వేసినప్పుడు నిర్మాత తరఫువాళ్లు సరిగ్గా ఇదే మాట అన్నారు. 2023లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. రాయ్ నిర్మాత దగ్గర జీతగాడు కాదు, స్వతంత్రంగా పనిచేసినవాడు. స్క్రీన్‌ప్లే ఆయనదే, ఆయన తర్వాత కుమారుడిది. సినిమా మాత్రం నిర్మాతది.

ఐదో అడుగు: లింకు డాక్యుమెంట్లు చదవండి

పొలం కౌలుకివ్వడం వేరు, రిజిస్ట్రేషన్ చేసివ్వడం వేరు. కథకూ అంతే. లైసెన్స్ అంటే కౌలు, అసైన్‌మెంట్ అంటే క్రయం. రెండూ రాతపూర్వకంగానే ఉండాలి. అసైన్‌మెంట్‌కైతే ఇచ్చేవాడి సంతకం తప్పనిసరి. నోటిమాట చెల్లదు.

కాగితం చేతికి రాగానే నాలుగు విషయాలు వెతకండి: ఏ రచన, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతాలు. వీటిలో కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లనే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశమే. అన్నిటికంటే రచయితలకు తెలియాల్సింది మరొకటి: హక్కు కొన్నవాడు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే, ఆ బదిలీ రద్దైపోతుంది.

ఇది నాకు తెలిసింది ఆలస్యంగా. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న నిర్మాణ సంస్థవాళ్లు నా కథకు పదివేలిచ్చి, తెల్లకాగితం మీద "సర్వహక్కులూ ఇచ్చేస్తున్నాను" అని రాయించుకున్నారు. సినిమా తీయలేదు. ఆరేళ్లపాటు ఆ కథ ఎవరడిగినా "అమ్మేశానండీ" అని చెప్పాను. అందులో ఒకాయన నిజంగా తీసేవాడేమో. ఆ కాగితంలో కాలం లేదు, ప్రాంతం లేదు, ఏడాది గురించి మాట లేదు. పదమూడో నెలలోనే కథ తిరిగి నాదైపోయింది, నాకే తెలియదు.

ఈ ఐదో అడుగులోనే వారసుల సంగతి. కాపీరైట్ కూడా ఆస్తే, వీలునామా లేకపోతే పొలంలాగే వారసులందరికీ వెళ్తుంది. పెద్దకొడుకు ఒక్కడు అభ్యంతరం లేదని రాసిచ్చిన ఎన్ఓసీ సరిపోదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి, అందరి సంతకాలూ తీసుకోండి. ఇంతకుముందు ఎవరికి రాసిచ్చారో చూపే ఈసీని కథలకు ఇచ్చే ఆఫీసు లేదు కాబట్టి "ఇంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే బాధ్యత నాదే" అన్న వాక్యం తప్పకుండా రాయించుకోండి.

2012 సవరణతో వచ్చిన రెండు రక్షణలు ఉన్నాయి. ఒప్పందం నాటికి వాడుకలోకి రాని మాధ్యమం పేరు చెప్పకుండా రాసిచ్చినది ఆ మాధ్యమానికి వర్తించదు. సినిమాలో చేరిన సాహిత్యానికి, సంగీతానికి థియేటర్ బయటి వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకుంటానని సంతకం పెట్టినా చెల్లదు. హక్కులు రాసిచ్చేశాక కూడా రచయిత దగ్గరే మిగిలేది ఇంకొకటి ఉంది: రచన తనదని చెప్పుకునే హక్కు, దాన్ని తన పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలతో తీసిన సినిమా విషయంలో 1986లో ఢిల్లీ హైకోర్టులో నిలబడింది దీని మీదే.

ఆరో అడుగు: మీరు ఇచ్చే కాగితం ఇలా రాయండి

"సర్వహక్కులు" అన్న మాట ఎక్కడ కనిపించినా పెన్ను కింద పెట్టండి. బదులుగా ఇలాంటిది అడగండి:

"నేను రాసిన ఫలానా కథ ఆధారంగా తెలుగులో ఒక సినిమా తీసే హక్కును ఈ తేదీ నుంచి మూడేళ్లకు మీకు ఇస్తున్నాను. రెండేళ్లలోపు షూటింగ్ మొదలుకాకపోతే ఈ హక్కు నోటీసు అవసరం లేకుండా నాకు తిరిగి వస్తుంది. తీసిన సినిమాను ప్రపంచమంతటా ప్రదర్శించుకునే హక్కు దాని కాపీరైట్ ఉన్నంతకాలం మీదే. ఇతర భాషల రీమేక్, సీక్వెల్, వెబ్ సిరీస్, యానిమేషన్, పాత్రల బొమ్మలు, ఆటలు, పుస్తక ప్రచురణ హక్కులు నా దగ్గరే ఉంటాయి."

నిర్మాత బేరమాడతాడు, ఆడనివ్వండి. రీమేక్ కావాలంటే దానికి విడిగా రేటు. అసలు ఏ ముక్క ఇస్తున్నారో ఏ ముక్క ఉంచుకుంటున్నారో కాగితం మీద పడటమే ముఖ్యం.

కథ వినిపించడానికి వెళ్లేముందు సినాప్సిస్ (కథా సారాంశం) మెయిల్ చేసి, "మీకు మాత్రమే నమ్మకంగా చెబుతున్నది" అని రాయండి. వినిపించాక "ఈరోజు ఫలానా కథ చెప్పాను, మీ టైముకు థాంక్స్" అని మరో మెయిల్. కాపీరైట్ ఆలోచనను కాపాడకపోయినా, నమ్మి చెప్పినదాన్ని వాడుకుంటే కోర్టు ఆపగలదు. 2003లో బాంబే హైకోర్టు ఒక టీవీ సీరియల్ కాన్సెప్ట్ విషయంలో అలాగే ఆపింది.

ఏడో అడుగు: మీ పాత్రకు పుట్టిన తేదీ సంపాదించండి

కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ రిజిస్టర్‌లో పేరుంటే కోర్టు మొదట మీ మాట నమ్ముతుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఫారం 14 నింపి, సాహిత్య రచనకు ₹500 కడితే డైరీ నంబర్ (దరఖాస్తు నంబరు) వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాతే పరిశీలన. బొమ్మకు విడిగా దరఖాస్తు. ఆ బొమ్మను సరుకుల మీద వేసే ఉద్దేశం ఉంటే ఫీజు ₹2,000. సినిమా కథ అయితే రచయితల సంఘంలో కూడా నమోదు చేయించుకోండి, అది తేదీకి సాక్ష్యం.

కథ నమోదు చేసేటప్పుడు పాత్రను కూడా రెండు పేజీలు విడిగా రాయండి: ఊతపదం, నడక, భయం, బట్టలు, ఎవరితో ఎలా మాట్లాడతాడు. "తెలివైన పల్లెటూరి పిల్లాడు" అని రాస్తే అలాంటివాడు ఊరికి పదిమంది. పాత్ర పేరుతో పుస్తకాలు, టీషర్టులు, బొమ్మలు అమ్మే స్థాయికి వస్తే ట్రేడ్‌మార్క్ వేయండి. అందులో సరుకుల్ని తరగతులుగా విడగొట్టారు: పుస్తకాలకు 16వ తరగతి, బట్టలకు 25, ఆటబొమ్మలకు 28, వినోదానికి 41. పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే దానికి ముగింపు లేదు.

ఎవరైనా ఎత్తుకుపోతే మొదట స్క్రీన్‌షాట్లు, తేదీలతో సహా. తర్వాత లాయర్ నోటీసు. దావాకు ముద్దాయి ఊరికి పరుగెత్తక్కర్లేదు, మీరుంటున్న చోటి జిల్లా స్థాయి కోర్టులోనే వేయొచ్చు. కావాలని చేసినట్టు తేలితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. కానీ ముందుగా కోర్టు నుంచి కోరవలసింది వాడకం ఆపమన్న ఉత్తర్వు.

ఇంతకీ ఆ కుర్రాడు బుడుగును పక్కన పెట్టేశాడు. రెండు వైపులా హక్కులు కొనే డబ్బు తన దగ్గర లేదన్నాడు. వాళ్ల అక్క కొడుకును చూసి సొంతంగా ఒక పిల్లాణ్ని రాసుకున్నాడు, బాగానే ఉన్నాడు ఆ పిల్లాడు. నెల కిందట దరఖాస్తు కాపీ, డైరీ నంబర్ వాట్సాప్‌లో పంపాడు. తెరిచి చూస్తే కథ, బొమ్మలు అన్నీ ఒకే పీడీఎఫ్‌లో ఉన్నాయి, రచయిత పేరు దగ్గర తన పేరొక్కటే. "బొమ్మలు ఎవరేశార్రా?" అన్నాను. "మా రూమ్మేట్ అన్నా, ఊరికే వేసిచ్చాడు." మళ్లీ మొదటి అడుగు దగ్గరికి పంపాను.